బస్సును మోసిన రివిట్

నేను ఒక రివిట్‌ని, ఏటి వంతెన పలకల్ని పట్టి ఉంచే ఇనుప మేకుని. ప్రస్తుతం ఒక బస్సు నా తల మీద ఆగి ఉంది. నా పక్కనున్నవాళ్ల తలలు తుప్పు తినేసి, ఊడి ఏట్లో పడ్డాయి. వంతెన పలక ఒరిగి, బస్సు ముందు చక్రం అందులో ఇరుక్కుంది. జనం కిటికీల్లోంచి దూకి ఒడ్డుకు చేరారు. మనుషులు కదా, నన్ను కాపాడే పని పక్కనపెట్టి ముందు నేరస్తుణ్ణి వెతికారు.

దొరికాడు కూడా. పోయిన వేసవిలో మాకు రంగు వేసిన మేస్త్రి పైడయ్య.

"రంగేసినావా, రంగునీళ్లు సల్లినావా?" అంటూ ఎల్లాజీ అతని చొక్కా పట్టుకున్నాడు. చేపల వ్యాను అతనిది. గుంపులో అతని గొంతే పెద్దది.

"తుప్పు గీకి మరీ ఏసినాను బాబూ, అమ్మతోడు!"

"ఆ గీకుడేదో జైలు గోడల మీద గీకుదువు గాని, పద!"

పోలీసులు జీపు తలుపు తెరిచారు.

నాకు నోరుంటే సాక్ష్యం చెప్పేవాణ్ణి. కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తి దెబ్బలతో ఈ కంతలో బిగించిన నాటి నుంచి నన్ను చాలామంది పెద్దలు ఏలారు. మంత్రిగారు వస్తున్నారని ఒకాయన తుప్పు మీదే రంగు పూయించాడు. ఇంకొకాయన జీపు దిగకుండానే నన్ను తనిఖీ చేశాడు. తుప్పంతా గీకి, ఎర్ర ప్రైమర్ ఆరేదాకా ఆగి, ఆపైన వెండి రంగు వేసినవాడు పైడయ్య ఒక్కడే. జైలుకు పోతున్నదీ అతనే.

అప్పుడు వచ్చింది ఇంజనీరు హైమావతి. బస్సుకు గొలుసులు కట్టించి, నిచ్చెన మీద నా దగ్గరకు దిగింది. నా చుట్టూ పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో గీకి వాసన చూసింది.

"మేస్త్రిని వదలండి!" అని పైకి కేకేసింది. "వంతెనంతా రంగు చెక్కుచెదరలేదు. ఈ ఒక్క పలక కిందే ఉప్పు. పైగా చేపల నీచు. మంచినీటి ఏటి మీద రోజూ ఉప్పునీళ్లు పోస్తున్నదెవరు?"

ఎల్లాజీ పైడయ్య చొక్కా వదిలేశాడు. ఉన్నట్టుండి అతనికి ఏటి అందం మీద ఆసక్తి పుట్టింది.

బస్సులోంచి దూకి మోకాలు చీరుకున్న అతని అత్త నూకాలమ్మ, కుంటుకుంటూ ముందుకొచ్చింది.

"ఎవులేటమ్మా? సేపల పెట్టెలో ఉప్పేసిన ఐసు నీళ్లు బజార్లో కారిస్తే పెసిడెంటు తిడతాడని, రోజూ ఈడ బండాపి పెట్టె బిరడా పీకుతాడు. అత్తనని కూడా సూడకుండా నన్ను ఏట్లో కలిపేసేవోడే! మా అల్లుడేనమ్మా, ఈ ఎల్లాజీయే!"