సోమ్లా అంటించిన చివరి పోస్టరు

మైదా ఉడుకుతోంది. మూడురాళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని సోమ్లా కర్రతో కలుపుతూనే ఉన్నాడు. చెయ్యి ఆగిందా, ఉండ కడుతుంది. దించేముందు చిటికెడు మైలుతుత్తం వేశాడు. అది పడకపోతే మానుకోట మేకలు తెల్లారేసరికి పోస్టరు మీది హీరోని మెడదాకా మేసేస్తాయి. ఆ తుత్తం మరక అతని గోళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నీలంగా ఉండిపోయింది. నిచ్చెన మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. పొట్టిమనిషి కావడంతో ఆ వంపు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

వెనక గుడిసెలోంచి ద్వాలి బయటికొచ్చింది. మిర్చి ఏరడానికి పోతోంది. భార్యను చూసి సోమ్లా కలపడం మరిచిపోయాడు. ఆమె చీర కట్టుకుంది. పెళ్లయిన నాటినుంచీ అద్దాల రవికె, పూసలు కుట్టిన గేరు పావడా తప్ప వేరే గుడ్డ ఎరగని మనిషి. ఇదేమిటని తమ లంబాడీ భాషలోనే అడిగాడు. ఆటో అడ్డా దగ్గర నిన్న మళ్లీ అన్నారని చెప్పి, కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

ఏమన్నారో సోమ్లాకు తెలుసు. “ఒక్క గుటక, దొరా!”

దసరాకు వచ్చిన పెళ్లి సినిమాలోది ఆ మాట. భోజనాల బంతి సాగుతుంటే ఒక తండా ఆడమనిషి తూలుకుంటూ వచ్చి హీరో తండ్రి ముందు గ్లాసు చాపుతుంది. ఆమెకు సినిమాలో పేరు కూడా లేదు. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. అప్పటినుంచీ పనీపాటా లేని ప్రతి వెధవకూ అద్దాల రవికె కనిపిస్తే చాలు, నోరు దురద. ద్వాలి చుక్క ముట్టదు. ముడితే మాత్రం వాళ్ల అబ్బసొమ్మేం పోయింది? ఆ సినిమా పోస్టర్లు ఊరంతా అంటించింది తన చేతులే కదా అని తలుచుకుంటే సోమ్లాకు తన గోళ్ల మీదే అసహ్యం వేసింది.

మైదా మాడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ మాడలేదు.

ఆ రోజు డిసెంబరు ఆఖరు. సంక్రాంతి సినిమా పోస్టర్లు వచ్చాయి. రైల్వే గేటు, బస్టాండు, మార్కెట్ యార్డు గోడ. నిచ్చెన వేయడం, బ్రష్ ముంచడం, పైనుంచి కిందికి ఒక్క ఊపున పూయడం, కాగితం పరిచి అరచేత్తో లోపలి గాలి తోలడం. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం సాయంత్రం మీద ఉంది. ఐలయ్య హోటల్ గోడ మీదికి ఆ పెళ్లి సినిమా ఎక్కకూడదు. సోమ్లాకు కావలసింది అదొక్కటే.

టాకీసు ఎదురుగా ఉన్న ఆ హోటల్లో ఏటా జరిగే తంతు అది. సినిమా పిచ్చోళ్లంతా చేరి, ఆ ఏడాది సినిమాల పోస్టర్లు బల్లల మీద పరుస్తారు. గొంతులు పోయేదాకా కొట్లాడుకుని, చివరికి తాగిన చాయ్ గ్లాసు ఎవరికి నచ్చిన సినిమా మీద వాళ్లు బోర్లిస్తారు. ఎక్కువ గ్లాసులు పడ్డదాన్ని సోమ్లా గోడకు అంటిస్తాడు. మళ్లీ డిసెంబరు దాకా అదే అక్కడ ఉంటుంది. మిర్చి కూలోళ్ల ఆటో ఆగేది సరిగ్గా ఆ గోడ ముందే. రోజూ పొద్దుగూకేవేళ ద్వాలి దిగేది అక్కడే.

సోమ్లా బకెట్ గడప దగ్గర పెట్టి వచ్చేసరికి కొట్లాట ముదిరి ఉంది. లారీ డ్రైవరు కథే ఈ ఏటి సినిమా అని సెల్‌ఫోన్ల దుకాణం మధు బల్ల గుద్దుతున్నాడు. పెళ్లి సినిమా ముందు అదెంత అంటున్నాడు రాజేందర్ సారు. సర్కారు బడిలో తెలుగు చెప్తాడు. గ్లాసులు రెంటి మీదా సమానంగా పడ్డాయి. అట్లా అయిన ఏడాది సోమ్లా గ్లాసుదే తీర్పు. అన్ని పోస్టర్లూ అంటించినవాడు, ఏ హీరోకూ చెందనివాడు అని వాళ్లే పెట్టుకున్న నియమం.

“సోమ్లన్నా, నువ్వే తేల్చాలె,” అన్నాడు రాజేందర్.

సోమ్లా చాయ్ గుక్కలో తాగేసి, గ్లాసు లారీ సినిమా మీద బోర్లించాడు.

మధు గెలిచినా ఊరుకోలేదు. “గదేందన్నా! పెండ్లి సినిమాల మీ తండా ముచ్చట ఉన్నది గదా. జర ఆ డైలాగు కొట్టరాదు, నువ్వంటే ఒరిజినల్ ఉంటది!”

అందరూ నవ్వారు. రాజేందర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే సోమ్లా గ్లాసు తీసి పెళ్లి సినిమా మీద పెట్టాడు. నవ్వులో పడి మధు కూడా అడ్డు చెప్పలేదు.

“నీకు సమజ్ కాలేదన్నా. గిది మన భాషల తీసిన సినిమా. ఇన్నేండ్లు మన మాటను రౌడీలకు, పనోళ్లకు పెట్టి నవ్విండ్రు. ఇయ్యాల హీరో మాట్లాడుతుండు. గిదే గెలువాలె.”

“మరి మా ఆడిదాన్ని గట్ల పెట్టిండ్రు గదా, సారూ.”

“అది కామెడీ అన్నా. గది వేరే, గిది వేరే.”

సోమ్లా అతని మొహంలోకి చూశాడు. తెలంగాణ రాకముందు ఇదే టాకీసు బయట, డిగ్రీ చదివే ఒక బక్కపిలగాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పుడాడుతున్న సినిమాలో విలన్ చెంచాగాడు తన అవ్వ మాట్లాడినట్టే మాట్లాడి తన్నులు తిన్నాడని. పేడ తెచ్చి పోస్టరుకు కొట్టాడు. ఎవడు చేశాడో చెప్పమని మేనేజరు సోమ్లా చెంప పగలగొట్టాడు. సోమ్లా ఆ పిలగాని పేరు చెప్పలేదు. ఒకనాటి కోడలే మరొకనాటి అత్త అంటే ఏమో అనుకున్నాడు, ఇదేనన్నమాట.

“నువ్వు పేడ కొట్టిన్నాడు గూడ గది కామెడీయే, సారూ,” అన్నాడు. “హాలంత నవ్విండ్రు. నువ్వొక్కనివే ఏడ్చినవ్. మా ఇంటిది ఇయ్యాల చీర కట్టుకోని కూలికి పోయింది. ఎందుకో ఎరుకనా?”

తప్పయిందన్నా అని ఒక్క మాట. దానికోసం సోమ్లా నిలబడే ఉన్నాడు. మధు ఫోన్ చూసుకోసాగాడు. పొయ్యి దగ్గర ఐలయ్య తల వంచుకుని గ్లాసులు కడిగాడు.

“పాత ముచ్చట్లు ఇప్పుడెందుకే?” అన్నాడు రాజేందర్, చూపు తిప్పుకుని. “పోయి అంటియ్యి. పొద్దుగూకుతుంది.”

సోమ్లా పెళ్లి సినిమా పోస్టరు తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. మైదా మొత్తం దాని మీద కుమ్మరించాలనిపించింది. కానీ పోస్టరు మూలన, పెళ్లి జనం కాళ్ల దగ్గర, ఆమె ఉంది. అద్దాల రవికె, చాపిన గ్లాసు. ద్వాలి కట్టే గేరు లాంటిదే గేరు. ఆ మనిషి మీద బ్రష్ పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

కాగితాన్ని నేల మీద పరిచాడు. నీలం గోళ్లతో ఆమె చుట్టూ నొక్కుతూ, గేరు అంచు కూడా చిరగకుండా మెల్లగా చించి విడదీశాడు. మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. మిగిలినదాన్ని ముడత లేకుండా గోడకు అంటించి, అరచేత్తో గాలి తోలాడు. ఆమె ఉన్నచోట ఆడమనిషి ఆకారంలో బొక్క.

“ఏందన్నా గిది, చించినవ్?” మధు లేచాడు.

గోడ ముందు ఆటో ఆగింది. కూలోళ్లతో పాటు ద్వాలి దిగింది, చేతులు మిర్చి ఘాటుకు ఎర్రగా కంది ఉన్నాయి. ఆమె గోడవైపు చూడకముందే సోమ్లా ఎదురెళ్లాడు. ఆమె చేతిలోని సద్దిగిన్నె తను అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి పోయారు.

“రేపొస్తడు తియ్యి,” అన్నాడు రాజేందర్, ఎవరూ అడగకుండానే.

రాలేదు. సంక్రాంతి సినిమా పోయి ఇంకో సినిమా వచ్చినా రాలేదు. బయ్యారం దిక్కు మిర్చి తోటల్లో భార్యాభర్తలు పక్కపక్క సాళ్లలో ఏరుతున్నారని, ఆమె అద్దాల రవికెలోనే ఉందని ఆటో అతను చెప్పాడు. టాకీసుకు కొత్త మనిషి వచ్చాడు, తన బకెట్ తనే తెచ్చుకున్నాడు.

సోమ్లా బకెట్ ఐలయ్య హోటల్ గడప దగ్గరే ఉంది. గడప దాటేటప్పుడు రాజేందర్ సారు దాన్ని చూడకుండా కాలు పక్కకు వేస్తాడు. అడ్డమని ఐలయ్య ఒకసారి బ్రష్ పట్టుకుని లాగాడు. మైదా గట్టిపడి రాయైంది. బ్రష్ నిట్టనిలువునా, నీలం మరకల పిడి పైకి పెట్టుకుని, అందులోనే నిలబడి ఉంది.