ముత్యం ఉండిపోయిన చోటు

త్రిపురాంతకం పోయే రోడ్డు మీద నుంచి ఎడమకు దిగితే, సీతాఫలం పొదల మధ్యగా ఒక మట్టిబాట శేషమ్మ చేను దాకా పోతుంది. ఒకప్పుడు అక్కడ గొర్రెల దొడ్డి మాత్రమే ఉండేది. ఇప్పుడూ గొర్రెలున్నాయి గానీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని గుర్రాల దొడ్డి అనే పిలుస్తారు. పనికిరావని మనుషులు వదిలేసిన గుర్రాలను తెచ్చి స్టెల్లా అక్కడ సాకుతోంది.

స్టెల్లా ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె నాయన శ్యాంసన్ జట్కా తోలేవాడు. మార్కాపూర్ రోడ్ స్టేషన్లో రైలు దిగినవాళ్లను ఊళ్లోకి చేర్చడం ఆయన పని. బడి లేని రోజుల్లో స్టెల్లా బండి ముందుపలక మీద నాయన పక్కన ఇరుక్కుని కూర్చునేది. ప్రయాణికులంతా వెనక చేరితే బండి ముందుభాగం పైకి లేచేది. "ముందుకు జరగండమ్మా, గుర్రం గాల్లోకి లేస్తాంది" అని శ్యాంసన్ అరిస్తే ఆడవాళ్లు నవ్వుతూ జరిగేవాళ్లు. కాళ్ల కింద పరిచిన పచ్చగడ్డి వాసన, గుర్రం చెమట వాసన, రైలుకెక్కించే బడి పలకల పెట్టెల మీది రాతిపొడి వాసన అన్నీ కలిసి వచ్చేవి. ఊళ్లో టీ అంగడి దగ్గరికి రాగానే ఎవరూ కళ్లెం లాగకుండానే గుర్రం ఆగిపోయేది. నుదుట తెల్లమచ్చ ఉండేదని దాని పేరు చుక్క.

స్టేషన్ దాకా బస్సులు వచ్చాక జట్కా ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. శ్యాంసన్ కొన్నాళ్లు చూసి, చుక్కను దొనకొండ వైపు రాళ్లబండి తోలే ఒకాయనకు అమ్మేశాడు. ఆ తర్వాత మనసు ఆగక రెండుసార్లు రైలెక్కి పోయి చూసొచ్చాడు. రెండోసారి ఆ యజమాని ఎదురొచ్చి, "నువ్వు వచ్చి పోయినాక అది బండికి కదలడం లేదు. ఇంక రావాకు" అన్నాడట. ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పాడు శ్యాంసన్. మళ్లీ దొనకొండ పోలేదు. దొనకొండ మాట వస్తే లేచి బయటికి పోయేవాడు.

స్టెల్లా ఉద్యోగం చివరి రోజుల్లో, ఒక సాయంత్రం బస్సులో వస్తుంటే రోడ్డు పక్క కంపచెట్టు కింద ఒక ఎముకల గూడు నిలబడి ఉంది. దగ్గరికొచ్చాక తెలిసింది, గుర్రం. ఆమె బస్సు ఆపించి దిగింది. వీపంతా పుండు. నీళ్ల కోసం అటూ ఇటూ చూస్తుంటే గొర్రెలు తోలుకొస్తున్న శేషమ్మ ఎదురైంది.

"ఏందమ్మా, నీదేనా?"

"నాది కాదు పెద్దమ్మా. ఎవరో వదిలేసి పోయినారు. ఎక్కడికి తీసకపోవాలో తెలియడం లా."

శేషమ్మ గుర్రాన్ని ఎగాదిగా చూసింది. "నా దొడ్డి ఈడనే. అందాక కట్టేసుకో" అంది.

ఆ 'అందాక' ఏళ్లకేళ్లు సాగింది. ఆ గుర్రం కోలుకునేసరికి ఇంకోటి వచ్చింది. పశువుల డాక్టరు జీవన్ కుమార్ డ్యూటీ అయ్యాక మోటార్ సైకిల్ మీద వచ్చి చూసిపోవడం మొదలుపెట్టాడు. పక్క పల్లెలోని చర్చివాళ్లు, కూలికి పోయి వచ్చేవాళ్లే, చేలో మిగిలిన జొన్నచొప్ప తలకెత్తుకొచ్చి వేసిపోయేవాళ్లు. కొట్టం వేసినప్పుడు పైకప్పు రేకులు ఒకరు, గుంజలు ఇంకొకరు ఇచ్చారు.

ముత్యం ఆ కొట్టంలోకి వచ్చింది వేసవిలో. తెల్లటి ఆడగుర్రం, గిద్దలూరు బ్రహ్మానిది. బ్రహ్మానికి పెళ్లిళ్ల బ్యాండు ఉంది. ఒక ఊరేగింపులో కాళ్ల దగ్గరే టపాకాయలు పేలితే ముత్యం బెదిరి సిమెంటు రోడ్డు మీద జారి పడింది. ముందుకాలు వాచిపోయింది. ఎవరో ఫోన్ చేస్తే స్టెల్లా చిన్న లారీ మాట్లాడుకుని వెళ్లింది. బ్రహ్మం "బాగైతే చాలక్కా" అని గుర్రాన్ని లారీ ఎక్కించి, ముఖం తిప్పుకుని లోపలికి పోయాడు. వదిలించుకున్నాడని అనుకుంది స్టెల్లా.

ఎండాకాలమంతా పొద్దునా సాయంత్రం తడిగుడ్డలు చుట్టడం, మందు రాయడం, కొట్టం చుట్టూ నెమ్మదిగా నడిపించడం. ముత్యం ఎవరినీ ఏమీ అనేది కాదు. పెట్టింది తినేది. కానీ స్టెల్లా చెయ్యి చాపితే తల పక్కకు తిప్పుకునేది. శేషమ్మ ఉలవలు ఉడికించి తొట్టిలో పోస్తే, ఆమె అవతలికి పోయాకే మూతి పెట్టేది.

"కొట్టినట్టున్నారు దీన్ని" అంది స్టెల్లా ఒకరోజు.

"ఏమో స్టెల్లమ్మా. కొట్టిన జీవం బెదురుద్ది. ఇది బెదరడం లా, ఎవరి కోసమో చూస్తాంది" అంది శేషమ్మ.

వానలు పడి, శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం మట్టిబాటలో లారీ వచ్చి ఆగింది. బ్రహ్మం దిగాడు.

"నడస్తాందంట గదా అక్కా. తీసకపోదామని వచ్చినా."

"తీసకపోయి ఏం జేస్తావు?"

"ఏం జేస్తా? ముహూర్తాలు ఒప్పుకున్నా. గుర్రం లేని బ్యాండును ఎవరు పిలుస్తారు?"

"ఆ కాలు మీద మనిషి ఎక్కితే మళ్లీ లేవదని డాక్టరు చెప్పినాడు. ఇయ్యను."

"నా గుర్రమక్కా అది! నువ్వెవరు ఇయ్యనంటానికి?"

"లారీ ఎక్కించినాక యాడికి పోయినావు? మూణ్ణెల్లలో ఒక్కసారన్నా వచ్చి చూసినావా?"

బ్రహ్మం తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. అప్పటిదాకా గొర్రెపిల్లకు పాలు తాగిస్తున్న శేషమ్మ తలెత్తింది.

"వాకిట్లో నిలబెట్టి అరుస్తావేంది స్టెల్లమ్మా? అబ్బయ్యను లోపలికి రానీ. చూసుకోనీ."

స్టెల్లా పక్కకు తప్పుకుంది. బ్రహ్మం కొట్టంలోకి అడుగుపెట్టి, "ఏమే" అన్నాడు. అంతే.

అవతలి గోడ వైపు తిరిగి ఉన్న ముత్యం చెవులు నిక్కించింది. ముక్కుతో సన్నగా సకిలించింది. దెబ్బ తిన్న కాలు ఈడ్చుకుంటూనే గబగబా వచ్చి, అతని భుజం మీద తల పెట్టి బరువంతా వదిలేసింది. బ్రహ్మం దాని మెడ చుట్టూ చేతులు వేసి జూలులో ముఖం దాచుకున్నాడు.

"నేను కనిపిస్తాంటే లారీలోంచి దూకేస్తదని ఆ దినం లోపలికి పోయినా అక్కా" అన్నాడు ముఖం ఎత్తకుండానే. "మళ్ల వస్తే, నా వెంట పడి వచ్చేస్తదని రాలా. పిల్లప్పటి నుంచి నా చేత్తో తిన్నది."

స్టెల్లాకు రైలు దిగి వచ్చి, తల దించుకుని మంచం మీద కూర్చున్న నాయన కళ్ల ముందు మెదిలాడు. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. గ్లాసుతో నీళ్లిస్తే తాగకుండా పట్టుకునే కూర్చున్నాడాయన. ఇంక రావాకు అన్న ఒక్క మాటతో ఆ మనిషికీ ఆ గుర్రానికీ మధ్య దారి తెగిపోయింది. ఇప్పుడు తానూ ఇంచుమించు అదే మాట అనబోయింది.

"బ్రహ్మం" అంది చివరికి. "గుర్రాన్ని పంపను. ఆ మాటలో మార్పు లేదు. కానీ నువ్వు రా. పొద్దున రా, మాపటేళ రా, ఎప్పుడన్నా రా. ఈడ నిన్ను ఎవరూ ఆపరు. నీ గుర్రమే అది. ఉండేది మాత్రం ఇక్కడ."

బ్రహ్మం ముత్యం మెడ తట్టి, వెనక్కి చూడకుండా నడిచి లారీ ఎక్కాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ముత్యం తడికె దగ్గర నిలబడి దుమ్ము అణిగేదాకా చూసింది. ఆ రోజు మేత ముట్టలేదు.

"రాడేమో పెద్దమ్మా. తప్పు చేసినానా?" అని అడిగింది స్టెల్లా.

"వస్తాడులే. మనిషన్నాక కోపం తగ్గడానికి టయిం పడతది" అంది శేషమ్మ.

శ్రావణం దాటింది. ఒక ఆదివారం పొద్దున గిద్దలూరు బస్సు దిగి బ్రహ్మం నడుచుకుంటూ వచ్చాడు. వెంట భార్య శ్రీశైలమ్మ ఉంది. ఆమె సంచిలో క్యారెట్లు, బెల్లం. అతని చేతిలో గిట్టలు చెక్కే కత్తి, ఆకురాయి. ఎవరినీ పలకరించకుండా ముత్యం కాలు ఒళ్లో పెట్టుకుని గిట్ట చెక్కడం మొదలుపెట్టాడు. అది అయ్యాక పక్కదాని కాలు ఎత్తాడు. మధ్యాహ్నానికి కొట్టంలో ఉన్న అన్నింటి గిట్టలూ అయిపోయాయి.

"పెళ్లిళ్లు ఎట్ల మరి?" అని అడిగింది స్టెల్లా, అన్నం వడ్డిస్తూ.

"కారుకు పూలు కడతాన్నాం. గుర్రం కావాలంటే, వేరే బ్యాండును పిలుచుకోండి అంటున్నా" అన్నాడు బ్రహ్మం. "కొందరు పోయినారు. కొందరు ఉన్నారు."

"ఈయన వాయించేది బాగుంటదని ఉన్నారు" అంది శ్రీశైలమ్మ. బ్రహ్మం మొదటిసారి నవ్వాడు.

ఆ తర్వాత పనిలేని ప్రతి వారమూ వచ్చాడు. జీవన్ కుమార్ కొత్త గుర్రాన్ని చూసేటప్పుడు దాని తల పట్టుకునే పని అతనిదే అయింది.

ఈసారి పక్క పల్లె చర్చిలో కోతల పండుగ బాగా జరిగింది. ప్రార్థన అయ్యాక పల్లెవాళ్లంతా జొన్నచొప్ప ట్రాక్టరుకెత్తి, ముందు డప్పులు కొట్టుకుంటూ దొడ్డికి బయల్దేరారు. శబ్దం దూరంగా వినిపించగానే స్టెల్లా కంగారుపడింది. "బెదురుతాయి! ఆపమని చెప్పండి!" అంటూ బాట వైపు పరుగెత్తబోయింది.

"ఉండక్కా. డప్పుకు బెదరదు. అటు చూడు" అన్నాడు బ్రహ్మం.

చేను మధ్యలో ముత్యం తలెత్తింది. డప్పు దరువు దగ్గరపడుతుంటే ఒక కాలు ఎత్తి దించింది. తర్వాత రెండోది. పెళ్లి గుర్రాలకు దరువుకు తగ్గట్టు అడుగులు వేయడం చిన్నప్పుడే నేర్పుతారు. దెబ్బ తిన్న కాలును కాస్త తక్కువ ఎత్తుతూ, మెడ వంచి, తోక విసురుతూ అది ఆడడం మొదలుపెట్టింది. వీపు మీద జీను లేదు, నోట్లో కళ్లెం లేదు. గొర్రెలు చెదిరి పక్కకు పోయాయి. డప్పులవాళ్లు అది చూసి చేను గట్టు మీదే ఆగి, ఇంకా హుషారుగా వాయించారు.

బ్రహ్మం తడికె పట్టుకుని నిలబడ్డాడు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"నేనే నేర్పినా అక్కా. ఎన్ని పెళ్లిళ్లల్లో ఆడించినానో! అడగకుండా ఆడింది మాత్రం ఇదే."

శేషమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకుంటూ గట్టు వైపు నడిచింది.

"సాల్లేరా, ఆపండి! దానికి ఆయాసం వస్తాంది. వచ్చి చొప్ప దించండి, మళ్ల వాన పట్టేట్టుంది" అని కేకేసింది. అందరూ నవ్వుతూ ట్రాక్టరు దగ్గరికి పోయారు. స్టెల్లా మొదటి మోపు అందుకుంది.