చెరిపేస్తానన్న ఫోటో

“ఆ ఫోటో తీసుకోవాల్సిన ఖర్మేమిటి? నాకు ఆ ఒక్కటీ చెప్పండి చాలు,” అంది అత్తగారు మూడోసారి. కూరగాయలు తరగడం మాత్రం ఆపలేదు.

“అమ్మా, ఇంక వదిలెయ్యవే. చెరిపేశాను కదా,” అన్నాడు చిన్నకొడుకు.

“నువ్వు చెరిపేస్తే నా కళ్లలోంచి పోతుందిరా?”

ఆ ఇంట్లో ఫోన్లు బట్టల్లాగే చేతులు మారేవి. పెద్దకొడుకు కొత్తది కొంటే పాతది తమ్ముడికి, తమ్ముడిది తండ్రికి. ఇచ్చేముందు లోపలున్నవి తీసేయాలని ఎవరికీ తోచేది కాదు. పాత ఫోటోలుంటే మంచిదేగా అనుకునేవారు. అలా వచ్చిన ఫోన్‌లో నిన్న మధ్యాహ్నం చిన్నకొడుకు తన అన్న కూతురు పాప ఫోటోలు తల్లికి చూపిస్తూ వేలితో జరుపుతుంటే వదిన ఫోటో వచ్చింది. మొగుడు పనిమీద ఇరవై రోజులు వేరే ఊళ్లో ఉన్నప్పుడు, గది గడియ పెట్టుకుని తీసి పంపినది.

“పెళ్లయి పదకొండేళ్లు. మొగుడికేగా పంపుకుంది,” అన్నారు మామగారు పేపరు దించకుండా.

“మీరూరుకోండి. ఏరా, నువ్వు అడిగావా?” అంది అత్తగారు పెద్దకొడుకు వైపు తిరిగి.

జాకెట్టుకు హుక్కులు కుడుతున్న కోడలి చెయ్యి ఆగింది. నిన్నటి నుంచి ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. అవునమ్మా, నేనే అడిగాను. అతను అనాల్సినవి మూడే మాటలు. నాలుగు రోజులు బతిమాలాడు. చూసిన వెంటనే చెరిపేస్తానని ఒట్టు కూడా పెట్టాడు.

పెద్దకొడుకు చొక్కా చేతులు మడుచుకున్నాడు. “ఏదో సరదాపడి పంపింది. వద్దంటే వింటుందా?”

అత్తగారు కత్తి కింద పెట్టింది. “చూశారా?”

“అమ్మకి సారీ చెప్పెయ్, అయిపోతుంది,” అన్నాడు భార్యతో. “చూసింది బయటివాళ్లేం కాదుగా.”

మరిది లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. నిన్నటి నుంచి వదిన ఎదురైతే గోడవైపు చూస్తున్నాడు.

కోడలి ఫోన్ ఆమె ఒళ్లోనే ఉంది. మొగుడు రాసినవన్నీ అందులో ఉన్నాయి. బతిమాలినవి, ఒట్లు, తల్లి చదివితే మళ్లీ తలెత్తుకోలేని మాటలు. అతని ఫోటోలూ ఉన్నాయి. అత్తగారి చేతికిస్తే ఒక్క నిమిషం పని. కోడలు ఫోన్ అందుకోగానే అతని ముఖం పాలిపోయింది.

నమ్మి పంపినవి ఇంకొకరికి చూపించకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

అతను చూస్తుండగానే ఒక్కొక్కటీ చెరిపేసింది. చివరిది పోగానే అతను ఊపిరి వదలడం ఆమెకు వినిపించింది.

“అత్తయ్యా, మామయ్యా, మీకొక మాట చెప్పాలి,” అంది, హుక్కుల డబ్బా మూత పెడుతూ. “నా కుట్టుషాపు మీద గది ఖాళీగా ఉంది. రేపటి నుంచి పాపా నేనూ అక్కడే ఉంటాం. పాపని చూడాలంటే మీరెప్పుడైనా రండి. ఆయన మాత్రం రావద్దు.”