రెండో మాత్ర

"ఇవాళ అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. మాత్ర రెండు వేసుకో," అన్నాడు భర్త, తువ్వాలు భుజాన పడేసుకుని స్నానానికి పోతూ. కూరలో ఉప్పు కాస్త ఎక్కువెయ్యి అన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆమె అప్పటికి టీ గిన్నె దించడానికే అవస్థ పడుతోంది. కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, ముడుచుకుంటే విచ్చుకోవు. గిన్నెకి గుడ్డ చుట్టి రెండు ముంజేతుల మధ్య ఇరికించి దించడం ఆమెకు నొప్పే నేర్పింది. అది చూసి అత్తగారు "ఈ సర్కస్ చాలించు తల్లీ, మాత్ర వేసుకో" అంటుంది. డాక్టరమ్మ రాసిన స్టెరాయిడ్ రోజుకొకటి. ఒకటి వేస్తే వేళ్లు కదులుతాయి, అంతే. రెండేస్తే ఆవిడ వచ్చేస్తుంది.

ఆవిడంటే ఎవరో కాదు, తనే. కానీ అలా అనుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆవిడకి నొప్పి లేదు, నిద్ర లేదు, అలుపు లేదు. ఒంటికాలి మీద వండి వారుస్తుంది, ఫ్యాన్ల రెక్కలు తుడుస్తుంది, ఆఫీసు ఫైళ్లూ ఇంటికి తెచ్చి ముగిస్తుంది. మాత్రలకి ఉబ్బిన ఆ గుండ్రటి మొహం చూసి "కళకళ్లాడిపోతున్నావ్, ఏం జబ్బమ్మా నీకు?" అంటారు జనం. ఆవిడ వచ్చిన రోజు భర్త ఈల వేస్తాడు. రాని రోజు ఇంట్లో తలుపులు ధడేల్మంటాయి. ఓరి భగవంతుడా, సొంత ఇంట్లో తనకి తనే సవతి అయిందే! అద్దంలో చూసుకుంటే కనిపించేది ఆవిడే. తన పాత మొహం గుర్తు తెచ్చుకోబోతే ఒక్కోసారి రాదు. అప్పుడు నిజంగా భయమేస్తుంది.

మొన్న డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి కంగారుపడింది. "ఎముకలు గుల్లబారిపోతున్నాయమ్మా. నేను రాసినదానికంటే ఎక్కువ మింగుతున్నావా?" పక్కనున్న భర్త "అబ్బే, మీరు రాసినంతే. మాత్ర పడితే మనిషి బంగారం, అలాగే కానివ్వండి" అన్నాడు నవ్వుతూ. తనూ నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడామెను పీక్కుతింటోంది.

అత్తగారు నీళ్లగ్లాసుతో వచ్చింది, అరచేతిలో రెండు మాత్రలు. "మింగమ్మా, వేళవుతోంది."

ఆమె ఒకటి తీసుకుని మింగింది. రెండోది అత్తగారి చేతిలోనే ఉండిపోయింది. ఫోను బల్లమీద పెట్టి, వంకరపోయిన బొటనవేలితో డాక్టరమ్మ నంబరు నొక్కింది.

"డాక్టరుగారూ, మొన్న అబద్ధం చెప్పాం. ఇంటికెవరొచ్చినా రెండేసి మింగుతున్నాను. తగ్గించండి."

"ఒక్కసారిగా మాత్రం మానకు, ప్రాణం మీదికొస్తుంది. రేపు రా, మెల్లగా తగ్గిద్దాం. కానీ నొప్పి తిరిగొస్తుంది తల్లీ."

"రానివ్వండి."

తల తుడుచుకుంటూ వచ్చిన భర్త నోరెళ్లబెట్టాడు. "ఇప్పుడేంటి? అక్క దారిలో ఉంది. వంటెవరు చేస్తారు?"

"మీ అక్కకి ఏం ఇష్టమో మీకే బాగా తెలుసు," అని ఆమె ముందుగదిలోకి పోయి కుర్చీలో కూర్చుంది. వంటింట్లో గిన్నెలు దడదడలాడాయి. ఆమె లేవలేదు.

ఆడపడుచు లోపలికొస్తూనే గుమ్మంలో ఆగిపోయింది. ఆమె ఒళ్లో పడున్న వాచిన చేతులకేసి చూసింది. "ఇదేంటమ్మాయ్? ఇన్నేళ్లుగా వస్తున్నాను, నిన్నెప్పుడూ ఇలా చూళ్లేదే!"

"కూర్చోండి వదినా," అందామె. "మనం కలవడం ఇదే మొదటిసారి."