చేతుల్లేని కోటు

రుణాల అధికారి గది చల్లగా ఉంది. బల్ల మీద టీ కప్పులు, వాటి పక్కన కాగితాల కట్ట. దర్జీ కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కనే ఆయన భార్య.

"ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోను కాగితాల గడువు అయిపోతోంది మాస్టారూ. రెన్యూవల్ చేస్తున్నాం, అంతే. చిన్న మార్పు. పాతదే అనుకోండి" అంటూ అధికారి సంతకాలు పెట్టాల్సిన చోట్ల పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు.

"వడ్డీ అదేనాండీ?" అంది ఆమె.

"మీకు అన్యాయం జరగనిస్తానా చెల్లెమ్మా? నా ఒంటిమీది కోటు మీ ఆయన కుట్టిందే!"

ముగ్గురూ నవ్వారు. దర్జీ గుర్తున్న చోటల్లా సంతకం పెట్టాడు. ఇలాంటి గదుల్లో మనమందరం అలాగే పెడతాం. టీ ఇచ్చిన మనిషిని అనుమానించడం మర్యాద కాదనుకుంటాం.

మరుసటి నెల వాయిదా ఒకటిన్నర రెట్లయింది. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. వాళ్ళ ఇల్లంటే అంతే. వరసగా వాయిదాలు తప్పితే అది కూడా చేజారిపోతుంది.

ఆమె కాగితాలన్నీ ముందు వేసుకుని చదివింది. మధ్యలో ఎక్కడో ఉంది: పాత రుణం పూర్తిగా తీరినది, దాని స్థానంలో కొత్త రుణం మంజూరైనది. వడ్డీ ఇక స్థిరం కాదు. అడగని బీమా ఒకటి అసలులో కలిసిపోయింది.

మర్నాడే ఆమె అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆ ఆఫీసు గోడకే నిబంధనల బోర్డు ఉంది. పాత రుణం కొనసాగుతూ ఏదో ఒక షరతు మారితే వివరాలన్నీ మళ్ళీ ఇవ్వనక్కర్లేదు. పాతదాన్ని మూసి కొత్తది రాస్తే మాత్రం మొదటిసారి ఇచ్చినట్టే అన్నీ రాసివ్వాలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఆమె ఆ బోర్డు వైపు చెయ్యి చూపించింది.

"అది కొత్త లోన్లకి చెల్లెమ్మా. మీది మార్పు."

"పాతది మూసేశామని మీరే రాశారుగా?"

"సంతకం మీ ఆయనది. చదువుకుని పెట్టాల్సింది."

ఈసారి టీ రాలేదు. చదువుకుని పెట్టాల్సింది అన్న మాట ఆమెతోపాటు ఇంటికొచ్చింది. అన్నం వడ్డిస్తున్నా, కాజాలు కుడుతున్నా చెవిలో అదే. 'నీకూ ఒక రోజు వస్తుంది' అనుకుంటూ ఆమె కాచుకుని కూర్చుంది.

వచ్చింది. అధికారి కోటు పట్టుకుని తనే దుకాణానికి వచ్చాడు.

"నాకు ప్రమోషన్ మాస్టారూ! శనివారం సభ. కాస్త పొట్ట పెరిగింది, నడుం దగ్గర వదులు చెయ్యాలి. చిన్న మార్పే."

దర్జీ ముఖం మాడిపోయింది. లోపలినుంచి ఆమె వచ్చి, "ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ" అంది. ఎప్పటిలాగే రసీదు రాసింది. కాకపోతే ఒక వాక్యం ఎక్కువ రాసి, సంతకం చెయ్యాల్సిన చోట సుద్దతో గుర్తు పెట్టింది. అధికారి ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గీకి వెళ్ళిపోయాడు.

రసీదు చూసి దర్జీ అదిరిపడ్డాడు. "ఏమిటే ఇది? ఒకరి బట్ట పాడుచేశాక ఈ చేతికి విలువేముంటుంది?"

"మీ చెయ్యి ముట్టుకోవద్దు. కత్తెర నాకివ్వండి."

ఆమె ఒక్కో కుట్టూ తీరిగ్గా, తీపి పదార్థం తిన్నంత ఇష్టంగా విప్పింది. ఆమె చేసింది న్యాయమా అని మీరు అడగవచ్చు. ఆ రోజు ఆమెకు న్యాయం అక్కర్లేదు. ఆ మనిషి ముఖం చూడాలి, అంతే.

శనివారం పొద్దున అధికారి హడావుడిగా దిగాడు. ఆయనను సభకు తీసుకెళ్ళడానికి వచ్చిన పై అధికారిణి బయట కారులో కూర్చుని ఉంది. కోటు తొడుక్కోబోయి ఆయన కొయ్యబారిపోయాడు.

"చేతులేవి?"

"కొత్తదాంట్లో చేతులు లేవండి" అంది దర్జీ భార్య.

"కొత్తదేంటి? నా కోటేదీ?"

"విప్పేశాం. దాని స్థానంలో ఇది కుట్టాం. చిన్న మార్పు. పాతదే అనుకోండి."

"మొత్తం విప్పేసి ఇంకోటి కుట్టి, దాన్ని మార్పంటారా? ముందే నాకు చెప్పొద్దా?" అని అరిచాడు. ఆ అరుపుకి పై అధికారిణి కారు దిగి గుమ్మంలోకి వచ్చింది.

దర్జీ భార్య రసీదులో తను ఎక్కువ రాసిన వాక్యం చూపించింది: పాత కోటు పూర్తిగా విప్పి, దాని స్థానంలో కొత్తది కుట్టబడును. "సంతకం మీదే కదండీ. చదువుకుని పెట్టాల్సింది."

ఆయన రసీదు లాక్కుని తన సంతకం వైపే చూశాడు. ఆ ముఖాన్ని ఆమె కళ్ళారా, తనివితీరా చూసింది. తర్వాత తమ లోను కాగితాలు పై అధికారిణి చేతిలో పెట్టింది. ఆవిడ గుమ్మంలో నిలబడే చదివి, అధికారి వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు అరిచారే, మన నిబంధన చెప్పేదీ అదే. సోమవారం ఈ ఫైలు నా బల్ల మీద ఉండాలి. ఇదొక్కటే కాదు, మీరు మార్పు అని రాసినవన్నీ."

అలాంటివి బీరువా నిండా బయటపడ్డాయి. దర్జీ ఇంటికి పాత రుణం, పాత వాయిదా తిరిగి వచ్చాయి. ప్రమోషన్ ఆగిపోయింది.

"ఇక చాలు. చేతులు అతికించి ఇచ్చేస్తాను" అన్నాడు దర్జీ.

"ఒకటి అతికించండి. రెండోది నాది."

ఆ నల్లని చెయ్యి ఇప్పటికీ దుకాణం గోడకు మేకుకి వేలాడుతోంది. ఇదేమిటని అడిగిన ప్రతివారికీ ఆమె ఒకటే చెబుతుంది: "పాతది మూసి కొత్తది రాస్తున్నప్పుడు, ఎవరు ఎంత తియ్యగా దాన్ని మార్పన్నా, మొదటిసారి చెప్పినవన్నీ మళ్ళీ రాసివ్వమని అడగండి. అవి చేతికొచ్చి, మీరు చదువుకునేదాకా కలం మూత తియ్యకండి."