రోబోకి పడిశం పట్టిన ఎపిసోడు

అట్టముక్కల అంతరిక్ష నౌకలో సువర్చల నడుస్తూనే ఉంటుంది. వెండిరంగు గోడలు తాకితే తడిగా తగులుతాయి, ఒక తలుపు తోస్తే వాన కురుస్తున్న బస్టాండు, ఇంకో తలుపు తోస్తే మళ్ళీ అదే నౌక, నల్లగుడ్డకు గుచ్చిన చిన్న బల్బుల నక్షత్రాలు. కాళ్ళు పీకుతుంటాయి. ఒంటి మీద ఎప్పటిదో కెప్టెన్ యూనిఫాం, దాని లోపల డెబ్బై ఏళ్ళ నడుము.

కంట్రోలు బల్ల దగ్గర రేకు రోబో కూలబడి ఉంది. కంటి రంధ్రాల్లోంచి ఆవిరి వస్తోంది.

"పరాంకుశం గారూ, మీరేనా?"

"నేను కాక ఈ డబ్బాలో ఇంకెవడు దూరతాడు కెప్టెన్ గారూ? పోయినా వదల్లేదు, కొలతలు నావేనట."

ఆయన పోయి చాలా ఏళ్ళయిందని ఆమెకు తెలుసు. అదేమీ వింతగా తోచదు.

"మన సీరియల్ టేపులన్నిటి మీదా వేరే ప్రోగ్రాములు ఎక్కించేశారండీ," అంటుంది ఆమె. "ఒక్కటే మిగిలింది, దాన్ని మళ్ళీ టీవీలో వేస్తారట. రోబోకి పడిశం పట్టింది చూడండి, అది."

"పేపరువాళ్ళు కోతివేషాలని తిట్టారే, అదా? గ్రహాలు పేలినవన్నీ పోయి తుమ్ములు మిగిలాయన్నమాట!"

"ఇప్పుడు చూస్తే అదే బాగుంది. మిగతా వాటిలో మరీ బిగుసుకుపోయాం." ఆమె గొంతు నీరసంగా ఉంది. "చివరి సీన్లో శబ్దం చెడిపోయింది. మీరు వీడ్కోలు చెబుతూ వంగుతారు, నేను పగలబడి నవ్వుతాను. నవ్వింది గుర్తుంది, ఎందుకో గుర్తులేదు. మీరేదో సొంతంగా అన్నారు, స్క్రిప్టులో లేదు. పెదాలు చూసి పోల్చుకుందామంటే డబ్బాకి నోరే లేదాయె. సాయంత్రం లోపు తేలకపోతే సీను కోసేస్తారట. అందులో మీకున్న వీడ్కోలు అదొక్కటే."

రోబో లేచి నడుస్తుంది, వెనకే ఆమె, నౌక సందు బస్సు ఫుట్‌బోర్డవుతుంది, బస్సు మళ్ళీ నౌకవుతుంది, లోపలే వాన పడుతుంటుంది.

"పొద్దుట్నుంచీ నవ్వుకి డబ్బింగ్ చెబుతున్నా. ఒక్కటీ అతకడం లేదు. చెప్పేయండి, కాసేపు పడుకుంటాను."

"పడుకునే ఉన్నారు కదండీ." రోబో గట్టిగా తుమ్ముతుంది, ఒక నక్షత్రం ఆరిపోతుంది. "గొప్ప మాటేం కాదు తల్లీ. డబ్బాలో ఉక్కకి కళ్ళజోడు మసకబారిపోయింది. మీరెటున్నారో తెలీలా. 'సెలవు కెప్టెన్' అని వంగి లైటు స్టాండుకి దణ్ణం పెట్టా. స్టాండు ఫ్రేములో పడలేదు కాబట్టి పరువు దక్కింది."

"అయితే నాకు సెలవు చెప్పనే లేదన్నమాట."

"లేదు."

"ఇప్పుడు చెప్పండి. ఇటు, ఇటు తిరగండి."

రోబో మెల్లగా తిరుగుతుంది. ఇద్దరి మధ్యా ఆవిరి కమ్ముకుంటుంది, రేకు చప్పుడు మాత్రం వినిపిస్తుంది, వంగుతున్నాడో, వెళ్ళిపోతున్నాడో...

"మేడమ్, చాయ్."

డబ్బింగ్ గది సోఫాలో సువర్చల కళ్ళు తెరిచింది. ఏసీ చలి. సౌండ్ ఇంజనీరు షరీఫ్ వేడి కప్పు చేతికిచ్చి ఎటో వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక గుక్క తాగింది.

"దొరికింది షరీఫ్! 'సెలవు కెప్టెన్', అంతే. తుమ్ముల సీన్లో ఆ మాట ఆయన గొంతుతోనే ఉంది, తెచ్చి ఇక్కడ అతికించు. ఏమయ్యా, పలకవేం?"

"మేడమ్, నేనిటున్న," వెనకనుంచి వినిపించింది. "మీరు మైకు స్టాండుతోని మాట్లాడుతున్రు."

అద్దాల నిండా టీ ఆవిరి. ఆ మసకలో సన్నగా, పొడుగ్గా, తలకాయ వంచుకుని నిలబడ్డ స్టాండు. సువర్చల పగలబడి నవ్వింది, కప్పులో టీ చీర మీద ఒలికినా ఆగలేదు.

షరీఫ్ మైకుని మెల్లగా ఆమె వైపు తిప్పాడు. రికార్డింగ్ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.