సీసాలో పళ్ల సెట్టు

రెబ్కా ముచ్చిక గిల్లి, కాయను ఒక పక్కకు, ముచ్చికను ఇంకో పక్కకు వేస్తోంది. గుంటూరు యార్డు వెనక ఆ షెడ్డులో ఎండుమిరపకాయల మధ్య కూర్చున్నవాళ్లందరికీ తుమ్ములే. రెబ్కాకు మటుకు తుమ్మంటే భయం. తుమ్మితే నోరు సాగుతుంది, సాగితే రెండు మూలలూ చిట్లుతాయి. అక్కడ చర్మం తెల్లగా నాని, చుట్టూ ఎర్రగా వాచి ఉంటుంది. పొద్దున లేచేసరికి పక్కు కడుతుంది, ఆవులిస్తే అది ఊడి నెత్తురు. మంట పుట్టినప్పుడల్లా నాలుకతో తడుపుకుంటుంది. ఆరితే మళ్లీ మంటే.

మిరప ఘాటని అందరూ అన్నారు, తనూ అదే అనుకుంది. మూతికి కొంగు కట్టింది, వెన్న రాసింది. కారం, పులుపు మానేసి ఒట్టి మజ్జిగన్నంతో నెలలు నెట్టింది. మనిషి సున్నంలా పాలిపోయింది, ఏం చెప్పను.

మధ్యాహ్నం పక్కన కూర్చునే గురవమ్మ గోంగూర పచ్చడి డబ్బా తెరిస్తే రెబ్కా మొహం తిప్పుకుంది. గోంగూరంటే ప్రాణం ఆమెకు.

కడుపుతో ఉన్న కూలీలను చూడ్డానికి వచ్చిన నర్సమ్మ జ్యోతిర్మయి, రెబ్కా నోరు తెరిపించి, పళ్లేవని అడిగింది.

పళ్లున్నాయి. చర్చి క్యాంపులో ఉచితంగా కట్టిన సెట్టు బూస్టు సీసాలో నీళ్లు పోసి దాచింది. వచ్చే నెల మనవరాలు క్రిస్టీనా పెళ్లి. పాట ఎత్తుకోవాల్సింది రెబ్కాయే. బోసినోటితో మాటల్లో గాలి పోతుంది కదా, ఆ రోజుకి పళ్లు కొత్తగా ఉండాలని ఆమె తాపత్రయం.

"మిరపకాయలకే కాదు నర్సమ్మా, దీని పళ్లకీ కోల్డ్ స్టోరేజీయే," అంది గురవమ్మ. అందరూ నవ్వారు. రెబ్కా నవ్వబోయి మూతి పట్టుకుంది.

"ఘాటు కాదు రెబ్కమ్మా. పళ్లు లేక బుగ్గలు పీక్కుపోయి నోరు మడతపడింది. ఆ మడతలో ఉమ్ము నిలిచి పుండు పట్టింది. దానికితోడు ఒంట్లో రక్తం లేదు," అంది నర్సమ్మ. పూతమందు, రక్తం పట్టే మాత్రలు ఇచ్చి, ఆకుకూరలు తినమంది. పగలు పళ్లు పెట్టుకుని, పడుకునేప్పుడు తీసి నీళ్లలో వెయ్యమంది.

"పెళ్లినాటికి అరిగిపోవూ?"

"అరగడానికేనమ్మా పళ్లు."

సాయంత్రం పని దిగాక రెబ్కా ఖాళీ గిన్నె మూత గురవమ్మ ముందు చాపింది. గురవమ్మ మిగిలిన పచ్చడంతా అందులో వేసింది.

తెల్లారి రెబ్కా లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

పెళ్లిలో పాట ఇంకెవరో ఎత్తుకున్నారు. అత్తారింటికి వెళ్తూ క్రిస్టీనా గూట్లోంచి బూస్టు సీసా తీసుకుంది. దాంట్లో నీళ్లు మారుస్తూనే ఉంది గానీ, ముందు పళ్ల సందులో ఇరుక్కున్న గోంగూర పీచును మాత్రం ఇప్పటికీ తియ్యలేదు.